ఇరవై రెండు ప్రశ్నల ఫారం

మంచిర్యాల,
14 ఫిబ్రవరి 1988.

చిరంజీవి భూపాల్‌రావుకు,
ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఆరోగ్యం బాగున్నది. భోజనం చేస్తున్నాను. నువ్వు అడిగినవి ఈ రెండే కాబట్టి ఇక్కడితో ఆపవచ్చు. కానీ ఇన్‌లాండ్ లెటర్‌లో ఇంకా చోటు మిగిలింది. ఊరి సంగతులు రాస్తాను.

మా మున్సిపాలిటీ వారు ఒక తీర్మానం ప్రతిపాదించారు. ఇల్లు కిరాయికి ఇచ్చే యజమాని, ఇల్లు అడగడానికి వచ్చినవాడిని ఇకమీదట మూడు ప్రశ్నలే అడగాలట. పేరేమిటి, పనేమిటి, ఎంతమంది ఉంటారు. నాలుగోది అడిగితే జరిమానా. కులం అడగరాదు. మతం అడగరాదు. పొయ్యి మీద ఏం వండుతారో అడగరాదు. పెళ్లయిందా, కాలేదా అనీ అడగరాదు. బొగ్గుబాయి పనివాళ్లకు, నర్సులకు, ఒంటరివాళ్లకు ఊళ్లో ఇళ్లు దొరకడం లేదని ఎవరో అర్జీ పెట్టుకున్నారట. అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా తెలపాలని నోటీసు బోర్డు మీద అంటించారు.

దాంతో మా వీధిలో ఐకమత్యం పుట్టింది. ప్రహరీ గోడల దగ్గర, మురికికాలువ దగ్గర పదిహేనేళ్లుగా మాటల్లేని వాళ్లు ఒకే జంపఖానా మీద కూర్చుని చాయ్ తాగారు. ఇంటి యజమానుల సంఘం అని పేరు పెట్టారు. నాలుగు ఇళ్లున్న జగన్మోహన్‌రావు అధ్యక్షుడు. ఒకే ఇల్లు, అందులో ఖాళీగా ఉన్న ముందు పోర్షను ఒకటీ ఉన్న నేను కార్యదర్శిని. నాకు రాత వచ్చని.

జగన్మోహన్‌రావు ఉపన్యాసం విన్నది విన్నట్టు రాస్తున్నాను. "పిల్లనిచ్చేటప్పుడు నూరు అడుగుతం. ఇల్లిచ్చేటప్పుడు మూడే అడగాల్నా? పిల్లనన్న మల్ల ఇంటికి తోలుకొచ్చుకుంటం. కిరాయిదారు ఒక్కపారి ఎక్కినంక దిగుతడా?" అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనకు ఆడపిల్లలు లేరు.

నేను పొద్దున పది గంటలకు కాలేజీలో ఇంటర్ పిల్లలకు ప్రాథమిక హక్కుల పాఠం చెబుతున్నాను. సాయంత్రం ఐదు గంటలకు వాటి మీద అభ్యంతరాలు రాస్తున్నాను. పౌరశాస్త్రం లెక్చరర్‌కు ఇంతకు మించిన ప్రాక్టికల్స్ ఉండవు.

ఇక మన ముందు పోర్షను సంగతి. ఎవరెవరో వచ్చి అడిగి పోతున్నారు. ఎవరికీ ఇవ్వలేదు. మనిషిని చూసి ఇల్లివ్వడం మీ అక్క పని. నాకు చేతకాదు.

మీ బావ,
విద్యాసాగర్‌రావు


కరీంనగర్, మంకమ్మతోట,
27 ఫిబ్రవరి.

పూజ్యులైన బావగారికి,
భూపాల్‌రావు నమస్కారాలు.

"ఆరోగ్యం బాగున్నది, భోజనం చేస్తున్నాను." అక్క పోయిన ఈ మూడు నెలల్లో ఈ వాక్యం రావడం ఇది నాలుగోసారి. మీకొక రబ్బరు ముద్ర చేయించి పంపుతాను, సిరా కలిసివస్తుంది. జానకి అయితే నమ్మలేదు. "అన్న ఏం తింటుండో రాయలే, తింటున్న అని రాసిండు. అంటె అటుకులే" అన్నది. మా ఆవిడకు పౌరశాస్త్రం రాదు కానీ మీ సంగతి వచ్చు.

మీ సంఘం గురించి చదివి పొట్ట పట్టుకుని నవ్వాం. అయినా ఇందులో నాకూ భయమున్నది బావా, నాదీ ఒక ఇల్లే కదా. మీ మంచిర్యాలలో మొదలైనది గోదావరి దాటి ఇటు రాకుండా ఉంటుందా? మొన్న మా వీధిలో ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఈ విషయమే మాట్లాడుతున్నారు.

అభ్యంతరాల పత్రంలో, యజమాని ఏమేం అడగక తప్పదో కూడా రాయాలి కదా. అందుకు మీరు పుస్తకాలు తిరగెయ్యనక్కరలేదు. అక్క అడిగేవి గుర్తు తెచ్చుకోండి. ఆమెను మించి ప్రశ్నలు వేసేవాళ్లు ఉన్నారా? నేను మీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ కాళ్లు కడుక్కునే లోపలే పదకొండు అడిగేది. పన్నెండోది తువ్వాలు ఇస్తూ అడిగేది.

రాసినంక మాకొక కాపీ పంపండి. నవ్వుకోవడానికే.

మీ
భూపాల్


మంచిర్యాల,
20 మార్చి.

చిరంజీవి భూపాల్‌రావుకు,
ఆశీస్సులు.

నీ సలహా పాటించాను. ఫారం కాపీ దీంతో జతచేశాను.

ఇల్లు అడగడానికి ఎవరైనా వస్తే మీ అక్క వాళ్లను ముందు వరండాలో కూర్చోబెట్టి మాట్లాడేది. నేను మధ్యగదిలో పేపర్లు దిద్దుకునేవాడిని. మధ్యలో పరదా. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా నేను పరదా తీసి బయటికి రాలేదు. పరీక్ష జరుగుతున్నప్పుడు హాల్లోకి మరొకరు వెళ్లకూడదు. వినడం మాత్రం విన్నాను. మొన్న రాయడానికి కూర్చుంటే ప్రశ్నలన్నీ వరుసగా వచ్చాయి. పంతొమ్మిది. ఎక్కడా ఆగి ఆలోచించవలసిన పని పడలేదు.

భాష మాత్రం కొంత సంస్కరించాను. ఆమె "ఏ షిఫ్టు బిడ్డా?" అని అడిగేది. నేను "దరఖాస్తుదారు రాత్రి విధులు నిర్వర్తించువారా?" అని రాశాను. "మసాల కూర వండుతరా?" అనేది. "మాంసాహారులా?" అని రాశాను. "మీ అత్త మీతోనే ఉంటదా?" అన్నది "వృద్ధులు, రోగులు కలరా?" అయింది. "ఏ చప్పుడుకు నిద్ర చెడుతది?" అన్నది "పగటిపూట నిద్రించు అలవాటు గలదా?" అయింది. "ఒక్కనివే ఉంటవా?" అన్నదానికి నేను ఒక ముక్క చేర్చాను. "దరఖాస్తుదారు ఒంటరియా? అయినచో కారణము." పదకొండో ప్రశ్న. సంఘం వారికి అది బాగా నచ్చింది.

సభ్యులు మరో మూడు ప్రశ్నలు కలిపారు. జగన్మోహన్‌రావు కలిపినది ఇరవై రెండోది. "ఇదివరకటి ఇంటి యజమానితో కొట్లాడితిరా? ఎవరు గెలిచిరి?"

తీర్మానం ఇంకా అమలు కాలేదు గనక ఈలోగా ఫారాన్ని వాడుకలో పెట్టాం. తప్పినవాళ్లకు ఇల్లు లేదు. ఇప్పటికి పదమూడు మంది నింపారు. ఒక్కరూ పాసు కాలేదు. మా వీధిలో ఎనిమిది పోర్షన్లు ఖాళీగా ఉన్నాయి. ఎనిమిదీ క్షేమం.

ఫారం రాయడానికి పది రోజులు పట్టింది. నిజానికి రెండు రోజుల పని. పది రోజులు చేశాను. ఆ పది రోజులూ ఇంట్లో కొంత మాటల అలికిడి ఉన్నట్టుండేది. పూర్తయ్యాక మళ్లీ మామూలే.

మీ బావ,
విద్యాసాగర్‌రావు


కరీంనగర్,
9 ఏప్రిల్.

పూజ్యులైన బావగారికి,
నమస్కారాలు.

ఫారం అందింది. నేను చదువుతుంటే జానకి విన్నది. మూడో ప్రశ్న దగ్గర నవ్వింది. ఆరో ప్రశ్న దగ్గర "గిది వదిన గొంతే" అన్నది. తొమ్మిదో ప్రశ్న దగ్గర, పొయ్యి మీద పాలున్నాయని లేచి లోపలికి పోయింది. ఆ పూట మా ఇంట్లో పాలు లేవు.

భాష అమోఘం. చదువుతుంటే నాకే నేను ఇల్లు దొరకని మనిషినేమో అనిపించింది. మీరు హైకోర్టులో ఉండవలసినవారు.

ఒక్క అనుమానం. తప్పుగా అనుకోకండి. అక్క ఇన్ని ప్రశ్నలు అడిగేది, నిజమే. అడిగినంక ఎవరికైనా ఇల్లివ్వనన్నదా? రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. నాకు ఒక్కరూ గుర్తు రావడం లేదు.

ఫారాన్ని జాగ్రత్తగా దాచాను. ఎవరికీ చూపించలేదు.

మీ
భూపాల్


మంచిర్యాల,
22 మే.

చిరంజీవి భూపాల్‌రావుకు,
ఆశీస్సులు.

బదిలీ ఉత్తర్వు వచ్చింది. కరీంనగర్‌కే. జూన్ 13న చేరాలి. మంచిర్యాల నుంచి రోజూ వచ్చిపోయే దూరం కాదు. ఒక గది కావాలి. ఒక మనిషి, ఒక మంచం, పుస్తకాల పెట్టె ఒకటి పడితే చాలు. మీ చుట్టుపక్కల చూసిపెట్టు.

మీ ఇంట్లోనే ఉండమని రాయకు. భార్యతో వచ్చినప్పుడు నేను ఆ ఇంటి అల్లుణ్ని. ఇప్పుడు ఏ హోదాలో వచ్చి కంచం ముందు కూర్చోవాలో నాకు తెలియదు. కిరాయిదారుగా అయితే ఎక్కడైనా ఉంటాను. ఆ పదానికి అర్థం స్పష్టంగా ఉంటుంది.

మీ అక్క ఎవరికైనా ఇల్లివ్వనన్నదా అని అడిగావు. నేను పరదా ఇవతల ఉండేవాడినని రాశాను కదా. పరీక్ష విన్నాను, ఫలితాలు చూడలేదు. ఫెయిలైనవాళ్లు వెళ్లిపోయి ఉంటారు. వెళ్లిపోయినవాళ్లు కనబడరు.

మున్సిపాలిటీలో అభ్యంతరాల విచారణ జూన్ 30కి వాయిదా పడింది. పత్రం చదవవలసింది నేనే. ఆ రోజుకు సెలవు పెట్టుకుని వస్తాను. సంఘం నన్ను వదలదు.

మీ బావ,
విద్యాసాగర్‌రావు


కరీంనగర్,
30 మే.

పూజ్యులైన బావగారికి,
నమస్కారాలు.

మీరు మా ఊరికి వస్తున్నందుకు సంతోషం. గదుల కోసం విచారించాను. మంకమ్మతోటలో ఇప్పుడు ఒక్కటీ ఖాళీ లేదు. తతిమ్మా వాడల్లో ఉండవచ్చు. మొదటి వారం బస్టాండు ఎదుటి లాడ్జిలో దిగి చూసుకుంటే మంచిదేమో.

ఎండలు బాగా ఉన్నాయి. వేరే విశేషాలు లేవు.

మీ
భూపాల్


కరీంనగర్, బస్టాండు ఎదుటి లాడ్జి,
17 జూన్.

శ్రీ భూపాల్‌రావు గారికి,
అధ్యక్షులు, ఇంటి యజమానుల సంఘం, మంకమ్మతోట.

అయ్యా,

ఈ పట్టణంలో గది కోసం నాలుగు రోజులుగా తిరుగుతున్నాను. ఆరు ఇళ్లు చూశాను. సరిగా చెప్పాలంటే ఆరు ఇళ్ల గేట్లు చూశాను. మొదటి ఐదు గేట్ల దగ్గరా నాకు అచ్చు వేసిన ఒక కాగితం ఇచ్చారు. ఇరవై రెండు ప్రశ్నలు. అచ్చు బాగున్నది. వాక్యాలు నావి. అడుగున తమరి పేరు, పక్కన "అధ్యక్షులు" అని ఉన్నది. అభినందనలు. ఎవరికీ చూపించకుండా దాచడం అంటే ఎట్లాగో ఇప్పుడు తెలిసింది.

ఐదో ఇల్లు లీలాబాయి అనే ఆవిడది. మర్యాదస్తురాలు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఆ తర్వాత కాగితం ఇచ్చింది.

"నింపుండ్రి సార్. నింపకుంటె గది తాళం తియ్యద్దని సంఘంల రూలున్నది."

నింపాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చూసుకుంటూ వచ్చింది.

"అన్ని నింపి పదకొండోది ఇడిసిపెట్టిండ్రేంది? ఒంటరియా, అయినచో కారణము."

"ఏం రాయాలో తెలియలేదమ్మా."

"గంత తెల్వకుండ ఏమున్నది? పెండ్లాము పుట్టింటికి పోయిందా?"

"లేదు."

"పంచాయితి గిట్ల ఉన్నదా?"

"లేదమ్మా. పోయింది. మొన్న కార్తీకంలో."

ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "మంచోళ్ల లెక్కనే ఉన్నరు సార్. గని ఒక్క మొగాయన. రేపు మీకు జరమొచ్చి పడుకుంటె నేను సూడాల్నా, సంఘమొచ్చి సూస్తదా? గీ ప్రశ్న రాసినోడెవడో గని అన్ని ఆలోచించే రాసిండు."

ఆ మాట ఒప్పుకుని బయటికి వచ్చాను.

ఆరో ఇంటి గేటు నేను తీయలేదు. దాని మీద బోర్డు ఉన్నది. "పై గది కిరాయికి కలదు. ఫ్యామిలీ వారికి మాత్రమే." ఆ గేటు నాకు తెలుసు. కిందివైపు గడియ సరిగా పడదు, కాలితో నెట్టాలి. పద్దెనిమిది దసరాలు ఆ గేటు నెట్టుకుని ఆ పై గదిలోనే దిగాను. మంకమ్మతోటలో ఒక్క గదీ ఖాళీ లేదని తమరు రాసిన ఉత్తరం జేబులోనే ఉన్నది. గేటు ముందు నిలబడి దాన్ని ఇంకోసారి చదువుకున్నాను. తేదీ కూడా సరిగానే వేశారు.

తలుపు తట్టలేదు. నియమం నియమమే.

ఇట్లు,
దరఖాస్తుదారు


కరీంనగర్,
20 జూన్.

బావా,

నిన్న పొద్దున్నే లాడ్జికి పోయాను. ఆదివారమని మీరు మంచిర్యాల వెళ్లారని చెప్పారు. అందుకని అక్కడికే రాస్తున్నాను.

ఫారం వేయించింది నేనే. అయిదు వందల కాపీలు. వీధి పెద్దమనుషులకు చూపించి గొప్ప చెప్పుకున్నాను, మా బావ రాసిండని. వాళ్లు నన్ను అధ్యక్షుణ్ని చేశారు. వద్దనలేదు. దండ వేశారు. దండ కూడా వద్దనలేదు.

పై గది సంగతి వేరు. దానికీ సంఘానికీ సంబంధం లేదు. మీ బదిలీ ఉత్తరం వచ్చిన రోజే బోర్డు రాయించాను. దసరాకు వచ్చినప్పుడు మీరిద్దరూ ఆ మెట్లు ఎక్కడం చిన్నప్పటి నుంచి అలవాటైన పండుగ లాగ నాకు. అక్క ముందు, చేతిలో మరచెంబు. మీరు వెనక, రెండు సంచులతో. సగం మెట్ల మీద అక్క ఆగి వెనక్కి తిరిగి, "సంచి బరువున్నదా? ఒకటి భూపాల్‌కు ఇయ్యరాదు?" అనేది. మీరు ఇచ్చేవారు కాదు. కింద నిలబడి చూస్తూ నేను నవ్వేవాణ్ని.

ఇప్పుడు రోజూ సాయంత్రం మీరు ఒక్కరే ఎక్కుతుంటే, కింద నిలబడి చూడడం నా వల్ల కాదనిపించింది. మొహమాటం లేకుండా ఆ మాట మీకు రాయాలె. రాయలేక "ఫ్యామిలీ వారికి మాత్రమే" అని బోర్డు మీద రాయించాను. అక్క పోయిననాడు మీరు ఏడవలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేస్తూ తిరిగారు. అప్పుడు మీ మీద కోపమొచ్చింది. ఇప్పుడు రాస్తున్నాను, ఎగతాళి చేయండి. మీకు హక్కున్నది. ప్రాథమిక హక్కు.

జానకి మూడు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. ఆమెకు బోర్డు సంగతి నేను అబద్ధం చెప్పాను. బ్యాంకు ఆఫీసరు ఫ్యామిలీ వస్తున్నదని.

భూపాల్


మంచిర్యాల,
3 జులై.

భూపాల్,

ఎగతాళి చేయడానికి తీరిక చిక్కలేదు. జరిగింది రాస్తాను.

పోయిన ఆదివారం ఇంట్లో ఉన్నాను. పొద్దున గేటు దగ్గర ఎవరో "అమ్మా!" అని పిలిచారు. ఎనిమిది నెలలుగా ఆ పిలుపు ఈ గేటు దగ్గర వినబడలేదు. బయటికి వచ్చి చూస్తే ఉమ్రావ్ బేగం. పదేళ్ల క్రితం మన ముందు పోర్షన్‌లో మూడేళ్లు ఉన్నారు. భర్త చాంద్‌పాషా మందమర్రి బాయిలో పని. తర్వాత వేరే బాయికి మారితే వెళ్లిపోయారు. ఇప్పుడు మళ్లీ ఇటు మార్చారట. పది చదివే కూతురు షాజాదీని వెంటబెట్టుకుని వచ్చింది. మీ అక్క సంగతి ఆమెకు తెలియదు. చెప్పాను. మెట్టు మీద కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నేను కుర్చీ తెచ్చి వేశాను. నీకు తెలుసు కదా, నాకు వచ్చిన పని అదొక్కటే.

తర్వాత పోర్షను కావాలని అడిగింది. ఊళ్లో నాలుగు చోట్ల తిరిగారట. ఒకచోట రాత్రి షిఫ్టని, ఒకచోట పేరు వినగానే, ఒకచోట ముసలి అత్త ఉన్నదని ఇవ్వనన్నారట. కార్యదర్శిని గనక ఫారం తెచ్చి ఇచ్చాను. షాజాదీ గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఐదారు ప్రశ్నలు అయ్యేసరికి ఉమ్రావ్ బేగం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు బిడ్డా. గివి అమ్మ ముచ్చట్లే కద సార్? గని గిట్ల కాయితం మీద వింటుంటె ఠాణల కూసోబెట్టి అడిగినట్టున్నది."

"ఆమె అడిగినవే" అన్నాను. "ఆమె మిమ్మల్ని ఇవన్నీ అడిగింది. నేను లోపల విన్నాను."

"ఎందుకడగలే, అడిగింది. తాళంచెయ్యి నా చేతుల పెట్టినంక అడిగింది."

మళ్లీ చెప్పమన్నాను.

"మేం గేటు తీసుకొని వచ్చినం. ఇల్లు కావాల్నా అన్నది. అవునమ్మా అన్న. కొంగుకున్న తాళంచెయ్యి ఇడిసి నా చేతుల పెట్టింది. గప్పుడు కూసోబెట్టి అడిగింది. ఏ షిఫ్టు అంటె రాత్రిదమ్మా, పగలు పంటడు అన్న. ఏ చప్పుడుకు నిద్ర చెడుతది అన్నది. రోటి చప్పుడు పడదన్న. గా మూడేండ్లు పగటిపూట అమ్మ మిరపకాయ దంచలే సార్. మా ఆయన డ్యూటికి పోయినంకనే రోలు ముట్టింది. మసాల కూర వండుతరా అన్నది. వండుతమన్న. మా కిటికి కింద తులసికుండి ఉంటుండె, తెల్లారి దాన్ని అటుపక్కకు జరుపుకున్నది. ఇంకో మాట అనలే. మా అత్త ఉంటదా అని అడిగి, మెట్టు ఎత్తున్నదని గీ ఇటుక పెట్టిచ్చింది. సూడుండ్రి, ఇంక ఉన్నది."

ఉన్నది. పదేళ్లకు పైగా ఆ ఇటుక నా కాలికి తగులుతున్నది. తీసేయమని మీ అక్కతో ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. "ఉండనియ్యుండ్రి" అనేది. ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు.

నువ్వు ఏప్రిల్‌లో అడిగినదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఎవరికీ ఇవ్వననలేదు. ఇచ్చేసి అడిగేది. పరదా వెనక నాకు ప్రశ్నలు వినిపించాయి. తాళంచెవి చేతులు మారితే చప్పుడు కాదు. పద్దెనిమిదేళ్లు మీ అక్క సరళను విని, ఆమె చేసినదానికి సరిగ్గా తలకిందులుగా రాశాను. దాన్ని నువ్వు అయిదు వందలు అచ్చు వేయించావు. ఇద్దరం కలిసి ఆమె పేరు బాగానే నిలబెట్టాం.

ముందు పోర్షను తాళంచెవి కార్తీకం నుంచి మేకుకు వేలాడుతున్నది. తెచ్చి ఉమ్రావ్ బేగం చేతిలో పెట్టాను. ఏమీ అడగలేదు. ఏం అడగాలో నాకు తెలియదు కూడా. ఆమే అడిగింది. "శనివారం ఏ బస్సుకొస్తరు సార్? చాయ్ల చక్కెర ఎంత?" చెప్పాను.

30న విచారణకు వెళ్లాను. సంఘం వారంతా ఇస్త్రీ బట్టలతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. నేను పత్రం చదవలేదు. రెండు ముక్కలు చెప్పాను. తాళంచెవి ఇచ్చిన తర్వాత యజమాని ఇరవై రెండు ప్రశ్నలైనా అడగవచ్చు. ఇవ్వక ముందు మూడు కూడా ఎక్కువే. జగన్మోహన్‌రావు లేచి, "సారుకు బదిలీ అయింది, తెలివి సామాను ముందుగాల లారీకెక్కింది" అన్నాడు. అందరూ నవ్వారు. బాగానే అన్నాడు. గుమాస్తా మాత్రం నా మాటల్ని శ్రద్ధగా రాసుకున్నాడు. "తీర్మానము చాలినంత కఠినముగా లేదని యజమానుల సంఘము కార్యదర్శి అభ్యంతరము తెలిపినారు." రికార్డులో అట్లాగే ఉండిపోతుంది. తర్వాత కోరం లేదని విచారణ వాయిదా వేశారు. ఎప్పటికో చెప్పలేదు.

నన్ను సంఘం నుంచి తీసేశారు. వీధిలో ఖాళీలు ఇప్పుడు ఏడు.

మెట్ల సంగతి రాశావు. సంచులు బరువుగానే ఉండేవి. ఆమె అడుగుతుందని నీకు ఇవ్వలేదు. ఇస్తే ఇంకోసారి అడగదు కదా.

రేపు లాడ్జికి వస్తాను.

విద్యాసాగర్‌రావు


కరీంనగర్,
6 జులై.

బావా,

ఈ కవరులో పై గది తాళంచెవి ఉన్నది. లాడ్జి గుమాస్తా చేతికి నేనే ఇచ్చి పోతున్నాను. మీరు కాలేజీ నుంచి వచ్చేదాకా ఉండలేదు. ఉంటే ఏదో ఒకటి అడుగుతాను. అడిగేవన్నీ మీరు ఎక్కినంకనే.

బోర్డు తీసేశాను. అధ్యక్ష పదవి లీలాబాయికి అప్పగించాను. నాకంటె బాగా చేస్తుంది. మిగిలిన ఫారాలు జానకి వంటింటి అల్మారాలో పరిచింది. రాత కిందికి పెట్టి. దాల్డా డబ్బాలు, పప్పు డబ్బాలు వాటి మీద కూర్చున్నాయి.

ఒక్క ఇబ్బంది ఉన్నది. ముందే చెప్పాలె. మా రోలు మెట్ల కిందనే, సరిగ్గా మీ గదికి కింద. జానకి తెల్లారకముందే మొదలుపెడుతుంది. ఆదివారం కూలివాళ్లను పిలిచి దాన్ని పెరట్లోకి జరిపిస్తాను.

గేటు గడియ బాగుచేయించలేదు. కాలితోనే నెట్టండి.

భూపాల్


కరీంనగర్, లాడ్జి,
8 జులై.

భూపాల్,

తాళంచెవి అందింది. ఆదివారం పొద్దున వస్తాను. రెండు సంచులున్నాయి. ఒకటి నువ్వు పట్టుకో.

ఎక్కినంక అడుగుతానని రాశావు. ఎదురుగా అడిగితే నేను చెప్పలేను. కాగితం మీద అయితే వస్తుంది. అందుకని మీ అక్క అడిగే మాటల్లోనే ప్రశ్నలు రాసుకుని జవాబులు పంపుతున్నాను. అన్నీ కాదు. అవసరమైనవి.

ఏ షిఫ్టు? పొద్దున తొమ్మిదిన్నరకు పోతాను. సాయంత్రం నాలుగున్నరకు వస్తాను. శనివారం మంచిర్యాల బస్సు.

ఏం తినవు? అటుకులు. జానకి చెప్పింది నిజం. కార్తీకం నుంచి అవే. ఇక తినలేను.

మీ పెద్దవాళ్లు ఎవరన్న ఉంటరా? లేరు. మెట్టుకు ఇటుక అక్కరలేదు.

ఒక్కనివే ఉంటవా? ఔను. కారణం మీ ఇంట్లో అందరికీ తెలుసు.

ఏ చప్పుడుకు నిద్ర చెడుతది? ఏ చప్పుడూ లేకపోతే చెడుతుంది.

రోలు జరపవద్దు.

బావ